పైపులో మైల

"పేడ కలిపేదానికి మైలేంది మే? గుంత గూడా బయటే ఉండాది, నువ్వూ బయటే ఉండావు."

మా అత్త గోవిందమ్మ ఈ మాట అన్నది నేను చాప, చెంబు పట్టుకుని వెనక తిన్నె మీదికి చేరిన పొద్దున. నెలనెలా నేను ఇంటికి దూరంగా కూర్చునే మూడు రోజుల్లో అది మొదటి రోజు. ఆవిడ ఏమంటోందో ముందు అర్థం కాలేదు. తర్వాత పెరటి చివర గోబర్ గ్యాస్ గుంత వైపు చూశాను. గుంతలో బోర్లించిన ఇనుప డ్రమ్ము, రాత్రి వంటకు గ్యాసంతా అయిపోయి, బాగా కిందికి దిగి ఉంది.

ఆ గుంత మా పాండూరికి వచ్చి అప్పటికి రెండు నెలలు, గ్యాసు రావడం మొదలై మూడు వారాలు. ఢిల్లీలో వేసిన ప్లానులో దేశమంతటా లక్షల గుంతలు తవ్వాలని రాశారట, అందులో ఒకటి మా పెరట్లో పడింది. తిరువళ్ళూరు బ్లాకాఫీసులో మీటింగుకు పోయొచ్చిన మా ఆయన ద్వారకనాథ్, "ఇంక నీకు పొగ లేదు, కట్టెల్లేవు. ఆడోళ్ళకి టైము మిగలాలనే సర్కారు దీన్ని పెట్టింది" అన్నాడు. డ్రమ్ము మీద తన పేరు, కింద ఒక నంబరు, తెల్ల పెయింటుతో రాయించుకున్నాడు. నేనూ సంతోషపడ్డాను. అబద్ధమెందుకు, ఆ నీలం మంటను చూస్తే ఇప్పటికీ సంతోషమే. గిన్నెల అడుగున మసి లేదు, నా కళ్ళల్లో నీళ్ళు లేవు. అయితే ఆ మంట పొద్దునా సాయంత్రం వెలగాలంటే రోజూ నాలుగు గంపల పేడ ఎత్తాలి, బావిలో నుంచి అన్ని నీళ్ళూ చేదాలి, గడ్డిపోచ కూడా మిగలకుండా మోచేతి దాకా ముంచి పిసకాలి. ముందయితే పిడకలు వారానికి రెండుసార్లు కొట్టేదాన్ని, వీలు కాకపోతే మర్నాడు కొట్టేదాన్ని. గుంతకు మర్నాడు అనేది లేదు. దానికి రోజూ ఆకలే.

ఆ మూడు రోజుల గురించి చెప్పాలి. తిరువళ్ళూరులో ఎస్సెస్సెల్సీ చదివేటప్పుడు, దూరం కూర్చోవడం మూఢాచారమని క్లాసులో లేచి నిలబడి మాట్లాడిన కోకిలను నేను. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక అదే తిన్నె మీద కూర్చున్నాను. అన్నం పళ్ళెం దూరం నుంచి తోస్తే తీసుకున్నాను. నా ఆరేళ్ళ కూతురు పరుగెత్తుకొస్తే "అమ్మను అంటుకోవద్దు" అని అత్త దాన్ని రెక్క పట్టి లాగేది, అప్పుడు నా ప్రాణం చచ్చిపోయేది. కానీ ఆ పిల్ల బడికి పోయాక మధ్యాహ్నం నిద్రపోయేదాన్ని. పక్కింటామె దగ్గర తమిళ వారపత్రికలు తెప్పించుకుని సీరియళ్ళు చదివేదాన్ని. "ఏమే, కాఫీ" అని ఎవరూ అరిచేవాళ్ళు కారు. అవమానమా అంటే అవమానమే, సెలవా అంటే సెలవే. నాకు ఇంకో సెలవు లేదు. అది పోతుందేమోనన్న భయం ఆ పొద్దున పుట్టేదాకా, నేను దాన్ని అంత గట్టిగా పట్టుకుని ఉన్నానని నాకే తెలియదు.

అందుకే నోటికొచ్చిన అడ్డం వేశాను. "ఆ గ్యాసుతోనే కదత్తా దేవుడికి పొంగలి పెట్టేది? నా చేతి మైల పైపులో పడి పొయ్యిలోకి రాదా?"

అత్త టక్కున ఆగిపోయింది. నిజంగానే భయపడింది. సాయంత్రం కొడుకు రాగానే అడిగింది. ఆయనకూ తెలియలేదు. వారం తర్వాత పైపు బిగింపు చూడటానికి బ్లాకాఫీసు నుంచి సూపర్‌వైజర్ ఏకాంబరం వస్తే ఆయనను పట్టుకున్నారు. నేను తలుపు చాటున నిలబడి, వస్తుందని చెప్పవయ్యా, ఈ ఒక్కసారికి వస్తుందని చెప్పు అని మొక్కుకుంటున్నాను. బళ్ళో మూఢాచారం అని అరిచింది ఈ కోకిలేనా అని నాకే సిగ్గేసింది.

ఏకాంబరం పాపం చదువుకున్నవాడు. "పైపులో క్రిమి గూడా రాదమ్మా, ఇంక మైల యాడ వస్తాది?" అన్నాడు.

"విన్నావా? సర్కారే చెప్పేసినాది" అన్నాడు మా ఆయన.

అట్లా సర్కారు నా మూడు రోజులూ తీసేసుకుంది. మరి మైల రాదని తేలాక తిన్నె ఎందుకు? నన్ను లోపలికి రమ్మనాలి కదా? అది ఎవరూ అనలేదు. పళ్ళెం దూరం నుంచే వచ్చేది, గంప మాత్రం చేతికే వచ్చేది. ఆ ఏడాది ఆడికృత్తిక పండగ నా రెండో రోజున పడింది. నేను పిసికిన పేడ గ్యాసుతో అత్త చక్కెర పొంగలి వండింది, అందరూ తిరుత్తణి కొండకు పోయి మురుగనికి పెట్టి వచ్చారు. నన్ను బస్సెక్కవద్దన్నారు. నా చేతిపని కొండెక్కింది, నేను తిన్నె మీద ఉన్నాను. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. గ్యాసు మీదా, మురుగని మీదా, ఢిల్లీ వాళ్ళ మీదా? ఆచారం పోవాలని కోరుకోవాలా, ఉండాలని కోరుకోవాలా? పోతే సెలవు పోతుంది, ఉంటే సిగ్గు ఉంటుంది. ఇప్పుడు సెలవు పోయి సిగ్గొక్కటే మిగిలింది.

ఆ పండగ పోయిన రెండు నెలలకు, పురటాసిలో, రాజామణి అనే ఆఫీసరమ్మ ఫారం పట్టుకుని వచ్చింది. ప్లాను ఎట్లా నడుస్తోందో ఢిల్లీకి రాసి పంపాలట. "ఒరు నాళైక్కు ఎత్తన మణి నేరం మిచ్చం?" అని నన్నే అడిగింది, రోజుకు ఎన్ని గంటలు మిగులుతున్నాయని.

"రెండు గంటలు రాసుకోండి మేడం" అన్నాడు మా ఆయన.

"మీరు కాదు సార్, ఆమెను చెప్పనీండి."

"రోజుకెంతో తెలీదు మేడం. నెలకి మూడు దినాలు పోయినాయి" అన్నాను.

ఆమె ఫారం పైకీ కిందికీ చూసింది. మిగిలినవి రాయడానికి గడి ఉంది, పోయినవి రాయడానికి లేదు. నా వైపు ఒక్కసారి చూసింది, రెండని రాసుకుని పెన్ను మూసి వెళ్ళిపోయింది.

ఆమె పోయాక, గోడకు ఆనుకుని వక్క కొరుకుతున్న అత్త నన్ను చూడకుండా అన్నది. "నాకు ఆ మూడు దినాలు పొయ్యి పన్నెండేండ్లాయ మే. నువ్వు కూచున్నప్పుడంతా ఇంటి పనంతా నామిందే. అది ఎవురన్నా రాసుకున్నారా?"

నా సెలవుకు అన్నం వండింది ఎవరో ఇన్నేళ్ళుగా నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

తర్వాతి నెల మొదటి రోజు పొద్దున చాప పరిచి కూర్చున్నాను. డ్రమ్ము అడుక్కు దిగి ఉంది. మా ఆయన గంప తెచ్చి నా ముందు పెట్టాడు.

"లెయ్యి, గ్యాసు అయిపోయిండాది."

"నేను కలపను బావా. దూరమన్నాక దూరమే" అన్నాను. నేనన్నది సరో తప్పో నాకు తెలియదు. కానీ లేవలేదు.

ఆయన ఎర్రగా చూశాడు, లోపలికి తిరిగి కేకేశాడు. "అమ్మా, నువ్వన్నా రా. వచ్చి కలుపు."

అత్త వచ్చింది. చేతిలో గంప లేదు, తన చాప, వక్కాకు సంచి ఉన్నాయి. నా పక్కనే చాప పరిచి కూర్చుంది. ఎన్నడూ లేనిది, చెయ్యి చాచి నా భుజం మీద గట్టిగా వేసింది.

"దీన్ని ముట్టుకున్నాన్రా. నేనూ దూరమే, మూడు దినాలు" అన్నది కొడుకుతో. "పోయి కలుపుకో. డ్రమ్ముమింద పేరు నీదే కదా."