పద్నాలుగేళ్ల జుట్టు

కళ్లజోళ్ల షాపులో అద్దాలకు కొదవ ఉండదు. గోడకి నాలుగు నిలువుటద్దాలు, కౌంటరు మీద గుండ్రటివి మూడు, సొరుగులో చేత్తో పట్టుకునేది ఒకటి. రోజంతా జనం వాటిలో మొహాలు చూసుకుంటూనే ఉంటారు. వాళ్ల వెనక నిలబడి "ఇది మీకు నప్పిందండీ", "కాస్త వెడల్పు తక్కువది చూద్దామా" అనే మనిషిని అందరూ ఫ్రేముల సారు అంటారు. వయసు నలభై ఎనిమిది. వచ్చినవాళ్ల మొహం ఒక్కసారి చూసి మూడు ఫ్రేములు తీస్తే, ఆ మూడింట్లో ఒకటి ఖాయమైపోవాల్సిందే. అంత చెయ్యి తిరిగిన మనిషి తన మొహాన్ని మాత్రం కనుబొమల దాకానే చూసుకునేవాడు. ఆ పైన ఉన్నది తనది కాదు.

జుట్టు ముప్పై దాటగానే రాలడం మొదలుపెట్టింది. ఎన్ని నూనెలు పూసినా, ఎన్ని మాత్రలు మింగినా ఆగలేదు. ముప్పై నాలుగో ఏటికి చెవుల చుట్టూ, మెడ మీదా తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఓనరు పిలిచి, "లైట్లన్నీ నీ తల మీద పడి అద్దాల్లో మెరుస్తున్నాయయ్యా. కస్టమర్ల చూపు అక్కడికే పోతోంది. కొన్నాళ్లు లోపల కూర్చో" అన్నాడు. లోపల అంటే కళ్లజోళ్ల అద్దాలు అరగదీసే గది. మిషను రొద, మొహం మీద నీళ్ల తుంపర, కిటికీ లేదు. ఆర్నెల్లు అక్కడ కూర్చున్నాడు. ఏడో నెలలో విగ్గు పెట్టుకొచ్చి కౌంటర్లో నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదనుకున్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

అప్పట్నుంచి మొదలైంది చాకిరీ. పొద్దున్నే స్నానం చేసి, తల ఆరబెట్టుకుని, స్పిరిట్‌తో తుడిచి, రెండువైపులా అంటుకునే టేపు నాలుగు ముక్కలు అతికించి, నుదుటి దగ్గర గమ్ము రాసి, విగ్గు పెట్టి, అరచేత్తో నొక్కి వంద లెక్కపెట్టాలి. ఫ్యాను కింద కూర్చోకూడదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే పక్కవాళ్లు ఉడికిపోతున్నా సరే కిటికీ మూసెయ్యాలి. వాన పడితే జనం చేతికందింది నెత్తిన పెట్టుకుని పరిగెడతారు, ఆయన మాత్రం వెలిసేదాకా ఏదో ఒక షాపు ముందు నిలబడిపోతాడు. ఎండాకాలం లోపల చెమట పట్టి దురద పుడితే గోక్కోవడానికి లేదు, పెన్ను మూతతో పైన తట్టుకోవాలి. కూతురు చిన్నప్పుడు భుజాలెక్కుతానని ఏడిస్తే నడుం నొప్పి అని చెప్పాడు. లేని నడుం నొప్పి నాలుగేళ్లు పట్టుకుని వదల్లేదు.

విగ్గు ఏడాదికొకటి పాడవుతుంది. కొత్తది చేయించుకున్నప్పుడల్లా విగ్గులు కుట్టే మనిషి దగ్గర కూర్చుని, "చెవుల దగ్గర ఇంకో పాతిక తెల్లవి వెయ్యండి" అనేవాడు. మనిషి ముసలవుతుంటే జుట్టు కూడా ముసలవ్వాలి కదా. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, నెలకోసారి "క్షవరానికి వెళ్లాలండీ" అని గంట ముందు షాపులోంచి బయల్దేరేవాడు. వెళ్లడానికి చోటేదీ లేదు. బస్టాపులో ఆ గంటా కూర్చుని ఇంటికి పోయేవాడు. మర్నాడు లోపలి గదిలోంచి బాబాయి, అంటే ఇరవై ఏళ్లుగా అద్దాలు అరగదీస్తున్న పెద్దమనిషి, తల బయటికి పెట్టి "బాగా కత్తిరించాడే!" అనేవాడు. ఫ్రేముల సారు దాన్ని మెచ్చుకోలు కిందే జమ వేసుకునేవాడు.

షాపులో కళ్లు పరీక్షించే అతను చేరి రెండేళ్లయింది. ముప్పై రెండేళ్లవాడు, నెమ్మదస్తుడు. చీకటి గదిలో కూర్చుని "ఇది బాగుందా, ఇది బాగుందా" అని వందసార్లు అడిగినా గొంతులో విసుగు వినిపించనివ్వడు. అతనికీ నడినెత్తి మీద జుట్టు పోయింది. పెళ్లి మాటలు రెండుసార్లు చివరిదాకా వచ్చి ఆ నెత్తి దగ్గరే ఆగిపోయాయి. మూడోసారి మాటలు నడుస్తుండగా అయిదు రోజులు సెలవు పెట్టాడు. ఆరో రోజు విగ్గుతో వచ్చాడు.

ఫ్రేముల సారు గుమ్మంలోనే చూశాడు. చూడగానే తప్పులన్నీ వరసగా కళ్లకు కట్టాయి. జుట్టు కాటుకలా నల్లగా ఉంది, మరీ ఒత్తుగా ఉంది, నుదుటి మీదికి బాగా దిగిపోయింది. ఎడమవైపు అంచు అప్పుడే లేచింది. పాపం, ఎవడో బాగా మోసం చేశాడు అనుకున్నాడు.

బాబాయి తడిచేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఎవరయ్యా నువ్వు? మా టెస్టింగ్ సారుని ఎక్కడ దాచావు?"

రిసెప్షన్ అమ్మాయి ఏదో పడిపోయినట్టు బల్ల కిందికి వంగి, అక్కడే నవ్వుతూ ఉండిపోయింది. అతను కూడా నవ్వాలని చూశాడు గానీ నవ్వు పెదాల దాకా రాలేదు. తర్వాత ఎందుకో అందరూ ఫ్రేముల సారు వైపు తిరిగారు. మాట్లాడకపోతే అనుమానం వస్తుంది. ఏదో ఒకటి అనాలి.

"పరీక్ష గదిలో లైటు ఆర్పేస్తాం కాబట్టి సరిపోయింది. లేకపోతే కస్టమర్లు అక్షరాలు వదిలేసి దాన్నే చదువుతారు" అన్నాడు.

షాపు గొల్లుమంది. బాబాయి నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. అయితే బాబాయి నవ్వుతున్నది టెస్టింగ్ సారుని చూసి కాదు, ఫ్రేముల సారుని చూసి. అది ఆయన గమనించాడు, గమనించి కూడా పక్కకు నెట్టేశాడు.

మధ్యాహ్నం ఫ్రేముల సారు ఒక కస్టమరు చీటీ కోసం పరీక్ష గదిలోకి వెళితే, టెస్టింగ్ సారు లైటు వెయ్యకుండా కస్టమర్లు కూర్చునే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చీటీ ఇచ్చాడు. ఆయన వెనక్కి తిరగబోతుంటే అన్నాడు:

"ఇంకెవరన్నా పట్టించుకునేవాణ్ణి కాదు సార్."

"సరదాకన్నానయ్యా. మనసులో పెట్టుకోకు."

"మీరంటారనుకోలేదు. మిమ్మల్ని చూసే నేను ధైర్యం చేశాను."

"నన్ను చూడ్డమేమిటి?"

"మీకు ఇన్నేళ్లుగా బాగానే నడుస్తోంది కదా. నాకూ నడుస్తుందనుకున్నాను."

ఫ్రేముల సారు చేతిలో చీటీ మడతపడింది. కాదనాలనుకున్నాడు. ఏం మాట్లాడుతున్నావని గద్దించాలనుకున్నాడు. రెండూ చేతకాలేదు. తలుపు దగ్గరగా వేసి, గోడకానుకుని నిలబడ్డాడు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"చేరిన రోజు నుంచీ. బాబాయి చెప్పాడు. ఆయన ముందు జుట్టు మాటెత్తకు, బాధపడతాడు అన్నాడు."

"అందరికీ తెలుసా?"

"ఎదురు మందుల షాపాయనకి కూడా తెలుసు సార్."

వెక్కిరించి ఉంటే తిరిగి నాలుగు మాటలని ఉండేవాడు. దాచిపెట్టారంటే, జాలిపడ్డారంటే ఏం చెయ్యాలి? బస్టాపులో ఆ గంటలన్నీ, బాబాయి మెచ్చుకున్న క్షవరాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "క్షమించవయ్యా" అన్నాడు. ఆ మాట ఎంత మెల్లగా వచ్చిందంటే, అతనికి వినపడిందో లేదో కూడా తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"మా షాపులో అందరికీ తెలుసట" అన్నాడు.

"ఏది?"

నెత్తి చూపించాడు.

ఆమె చేతిలో చొక్కా మడత ఆగలేదు. "తెలియక? వాళ్లకి తెలుసని మీకొక్కరికే తెలియదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవారు? ఇంతకన్నా మంచి విగ్గు కొనేవారు."

ఆమె చొక్కా పక్కన పెట్టి అంది: "ఆ జుట్టు మీద నాకేం కోపం లేదు. వాన పడ్డ ప్రతిసారీ మీతో పాటు షాపుల ముందు నిలబడీ నిలబడీ కాళ్లు పీకుతున్నాయి, అంతే."

అందులో కోపం లేకపోవడమే ఆయనకు భరించరానిదైంది. పద్నాలుగేళ్లుగా తాను ఒక్కడే మోస్తున్నాననుకున్నదాన్ని ఆమె కూడా ఒక కొస పట్టుకుని మోస్తోందన్నమాట, అదీ కిక్కురుమనకుండా.

ఆదివారం టెస్టింగ్ సారుని ఇంటికి రమ్మన్నాడు. అతను బిడియంగా వచ్చాడు. భార్య టీ ఇచ్చి, పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది. ఫ్రేముల సారు అతన్ని బాత్రూములో అద్దం ముందు స్టూలు మీద కూర్చోబెట్టాడు. తర్వాత తన నుదుటి దగ్గర మందు రాసి, గమ్ము వదిలించి, విగ్గులు కుట్టే మనిషి తప్ప ఇంకో పరాయి మగవాడి ముందు మొట్టమొదటిసారి విగ్గు తీసేశాడు.

బోడి తల మీద టేపు పట్టినచోటల్లా ఎర్రటి చారలున్నాయి. మిగతా చర్మం చాలాకాలం కట్టు కింద ఉన్నట్టు పాలిపోయి ఉంది. అతను చూసి, చూపు తిప్పుకున్నాడు.

"చూడు, పర్లేదు. చూడ్డానికే పిలిచాను."

"నొప్పిగా ఉంటుందా సార్?"

"నొప్పి కాదు, విసుగు. నొప్పయితే మందుంటుంది."

అతని విగ్గు తీయించి, దాన్ని షాంపూ నురగతో కడిగించి, మెడ దగ్గర ఎక్కువైన జుట్టు పళ్ల కత్తెరతో పలచన చేశాడు. కనుబొమల మీద నాలుగువేళ్లు ఆనించి, "ఇక్కణ్ణుంచి పైకి. ఇంత కిందికి జుట్టుండేది కోతికి మాత్రమే" అన్నాడు. అతను ఫక్కున నవ్వాడు. అంచు ఎక్కడ లేస్తుందో, ఎంత గమ్ము చాలో, రాత్రి తీశాక తలకి ఏం రాయాలో అన్నీ చెప్పాడు. ఏ ఫ్రేము గురించి చెబుతున్నా ఎంత ఓపికగా చెబుతాడో అంత ఓపికగా చెప్పాడు.

అంతా అయ్యాక అతనడిగాడు, "మీరైతే ఏమంటారు సార్? పెట్టుకోవాలా, మానెయ్యాలా?"

"నన్నడిగితే ఏం లాభం? నేనే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను." కత్తెర తుడిచి పక్కన పెట్టాడు. "పెట్టుకుంటే పెట్టుకో. చేసుకోబోయే అమ్మాయికి మాత్రం ముందే చెప్పు. ఇంట్లో కూడా దాక్కోవాల్సొస్తే మనిషి ఇంకెక్కడా కూర్చోలేడు."

అతను చెప్పాడు. ఆ అమ్మాయి రెండు రోజులు ఫోన్ చెయ్యలేదట. మూడో రోజు చేసి, "విగ్గు సంగతి మీరు పంపిన ఫోటోలోనే తెలిసిపోయింది. మీరు చెబుతారో లేదోనని చూస్తున్నాను" అందట. పెళ్లి మాటలు ముందుకు సాగాయి. అతను విగ్గు పెట్టుకునే వస్తున్నాడు గానీ, చీకటి గదిలో తీసేసి సొరుగులో పెట్టేస్తున్నాడు. ఎవరికీ అభ్యంతరం లేదు.

ఆ వారాంతానికి ఫ్రేముల సారు ఓనరు గదిలోకి వెళ్లాడు. ఓనరుకి ఇప్పుడు డెబ్బై దాటాయి. రెండు కళ్లకీ ఆపరేషన్లయ్యాయి.

"సోమవారం నుంచి ఇది లేకుండా వస్తానండీ. మళ్లీ లోపల కూర్చోమన్నా కూర్చుంటాను."

"లోపలెందుకు?" ఓనరు అయోమయంగా చూశాడు.

"అప్పట్లో మీరే అన్నారు కదా, లైట్లు నా తల మీద పడి మెరుస్తున్నాయని."

"నేనా? ఎప్పుడు?" ఓనరు నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూశాడు, నుదురు రుద్దుకున్నాడు. దొరకలేదు. "అని ఉంటానేమోనయ్యా. రోజుకి వంద మాటలంటాం. అయినా ఆ లైట్లు ఆ ఏడాదే మార్పించేశాం కదా!"

నిజమే. మార్పించారు. ఫ్రేముల సారే దగ్గరుండి మార్పించాడు. తన బతుకులో పద్నాలుగేళ్లు తిన్న మాట, అన్న మనిషి దగ్గర ఆ సాయంత్రం దాకా కూడా నిలిచి ఉండదని ఆయన ఎన్నడూ అనుకోలేదు. కోపం తెచ్చుకోవాలంటే కూడా ఓపిక కావాలి. "సరేనండీ" అని బయటికొచ్చి, షాపు మెట్ల మీద కూర్చున్నాడు. బాబాయి రెండు టీలు పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు. తాగాక కప్పులు తీసుకుపోతూ బాబాయి, "ఆ క్షవరం మాట నేను అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

సోమవారం బోడి తలతో బస్సెక్కాడు. ఆకాశం విరిగి మీద పడలేదు. ఒక పాప తేరిపార చూసి, మళ్లీ తన బిస్కెట్టులో పడిపోయింది. షాపులో రిసెప్షన్ అమ్మాయి "గుడ్ మార్నింగ్ సార్" అని ఎప్పటిలాగే అని, మరీ ఎప్పటిలాగే అన్నందుకు తానే సిగ్గుపడింది. తేలికైపోయినట్టు ఆయనకేం అనిపించలేదు. తల చల్లగా, కొత్తగా, ఎవరిదో తెచ్చి పెట్టినట్టు ఉంది. అలవాటుకొద్దీ చెయ్యి మాటిమాటికీ నుదుటి అంచు నొక్కడానికి పోతోంది, అక్కడ నొక్కడానికేమీ దొరక్క దిగిపోతోంది.

పదకొండింటికి పాత కస్టమరొకావిడ కాడ వదులైన కళ్లజోడు తెచ్చింది. ఏడెనిమిదేళ్లుగా వస్తున్న మనిషే. కౌంటరు దగ్గర ఆయన్ని ఒకసారి చూసి, వెనక వెతికింది.

"ఇక్కడ ఫ్రేములు చూపించే ఆయన లేడా నాయనా? జుట్టు బాగా ఉంటుంది, ఆయన."

ఫ్రేముల సారు నోరు తెరిచాడు. నేనేనమ్మా అనడానికి అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. అంత కథ మొదట్నుంచీ చెప్పే శక్తి మాత్రం ఆ పూటకి లేదు.

"సెలవులో ఉన్నాడమ్మా. నేను వాళ్ల అన్నయ్యని."

లోపల మిషను ఆగింది. బాబాయికి దగ్గు తెర అందుకుంది.

"అదే, పోలిక ఉంది" అందామె కళ్లు చిట్లించి. "మంచివాడే మీ తమ్ముడు. కానీ ఎప్పుడు చూసినా ఎవరో తరుముతున్నట్టు ఉంటాడు. బాగానే ఉన్నాడా?"

ఆయన కళ్లజోడు తీసుకుని కాడని వేడిగాలి మిషను ముందు పట్టుకున్నాడు. అది మెత్తబడేదాకా ఆగి, మెల్లగా వంచాడు.

"బాగా అలిసిపోయాడమ్మా. కొన్నాళ్లు పడుకోమని చెప్పాం."

"మంచి పని చేశారు."

"కాస్త తల ఇటు వంచండి" అని, ఆమె చెవి వెనక కాడ సర్ది, "నొక్కుతోందా?" అని అడిగాడు.