మూడు నెలల పథ్యం

ఆశేర్ కుడికాలి బొటనవేలికి కొత్త బూటు కరిచింది. ఆ పుండు ఎంతకీ మానలేదు. "మూడు నెలల్లో షుగర్ దిగకపోతే వేలు తీసేయాల్సిందే. అప్పటికీ అదుపులోకి రాకపోతే పాదం" అని శంషాబాద్ దవాఖానలో డాక్టర్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆశేర్ ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. పాదం పోతే స్టీరింగ్ పోయినట్టే.

ఆ రోజు నుంచి సాతంరాయిలో వాళ్లింట్లో తెల్లన్నం ఉడికితే ఒట్టు. భార్య సునీల కోడి కూయకముందే లేచి జొన్నరొట్టెలు కొట్టేది. మెంతికూర పప్పు, కొర్రన్నం, కాకరకాయ వేపుడు వండేది. ఆశేర్ చీకటితోనే బండెక్కి, రాత్రికి గానీ రాడు కాబట్టి మూడు పూటలకూ సరిపడా డబ్బా కట్టి ఇచ్చేది. అది నాకినంత శుభ్రంగా తిరిగొచ్చేది. చూసి మురిసిపోయేది, పిచ్చిది.

రెండో నెల పరీక్ష చేస్తే షుగర్ దిగలేదు సరికదా, ఇంకా ఎక్కింది. డాక్టర్ మండిపడ్డాడు.

"ఏం పెడుతున్నావమ్మా ఈయనకి? ఇంట్లో వండేవాళ్లకే శ్రద్ధ లేకపోతే మా మందులేం చేస్తాయి?"

నలుగురిలో తల కొట్టేసినట్టయింది సునీలకు. పక్కనే కూర్చున్న ఆశేర్ గోడమీది బొమ్మలు చూస్తున్నాడు. ఆమె ఇంటికొచ్చి పిండిగిర్నీవాడిని అనుమానించింది. జొన్నలు తానే ఏరి, గిర్నీ దగ్గర నిలబడి మరీ పట్టించింది. ఆదివారం చర్చిలో మోకాళ్లూని, తన చేతివంటలో దోషమేమిటో చూపించమని దేవుణ్ని అడిగింది. దేవుడు మాత్రం ఏం చెప్తాడు, పాపం!

మూడో నెల ముగిసేసరికి వేలు తీసేశారు.

మర్నాడు ఆశేర్‌తో పాటు క్యాబ్ నడిపే గోవర్ధన్ బత్తాయిలు పట్టుకుని వార్డుకొచ్చాడు. అతనికీ షుగరే. కానీ మనిషి సన్నబడి, మొహం కళకళలాడుతోంది.

"వదినె, నీ చేతికి దండం పెట్టాలె. మూడు నెలల సంది నీ రొట్టెలు తింటున్న. నా షుగర్ మొత్తం దిగింది."

"నా రొట్టెలు నువ్వు తిన్నవా?"

"మేం పార్కింగ్ల డబ్బాలన్నీ నడుమ పెట్టుకొని తింటం గదా! ఎవని డబ్బా వాడు పట్టుకొని కూసుంటే ఏం బాగుంటది? అన్నకు జొన్నరొట్టె గొంతు దిగదంట. గది నాకిచ్చి నా బగారన్నం తింటడు. ఎవరన్న పహాడీ షరీఫ్ దిక్కు పోతే బిర్యానీ గిట్ల తెస్తరు."

గోవర్ధన్ మనసులో ఏ కల్మషమూ లేదు. మళ్లీ దండం పెట్టి వెళ్లిపోయాడు.

సునీలకు ఒళ్లు మండిపోయింది. "ఎందుకు జేసినవ్ గిట్ల?"

"అందరి ముంగట రోగిష్టోని లెక్క నా డబ్బా నేను దాసుకొని తినాల్నా? ఇజ్జత్ ఉండదా?"

"మరి డాక్టర్ నన్ను తిట్టినప్పుడు నా ఇజ్జత్ ఏమైంది?"

ఇంతలో డాక్టర్ రానే వచ్చాడు. కట్టు చూసి, సునీల వైపు తిరిగాడు.

"చూశావుగా అమ్మా, నీ నిర్లక్ష్యం ఎక్కడిదాకా తెచ్చిందో. పాదమైనా మిగలాలంటే ఇకనైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని వండు."

సునీల మొగుడి మొహంలోకి చూసింది. ఒక్క మాట చాలు. 'తప్పు ఆమెది కాదు సార్' అంటే చాలు, ఆ మూడు నెలల కష్టమూ ఆమె మర్చిపోయేది. పోయిన వేలికి కూర్చుని ఏడ్చేది కూడా.

ఆశేర్ దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

"గట్లనే సార్" అంది సునీల. మొగుడి మీద ఆమెకు మిగిలిన జాలి అక్కడితో అయిపోయింది.