చూశారని తెలిసిన తరువాత

హెప్సిబా పనిచేసిన డీటీపీ షాపు చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద ఉండేది. కోచింగ్ సెంటర్ల ప్రశ్నపత్రాలు, స్టడీ మెటీరియల్, హాస్టళ్ల కరపత్రాలు అక్కడే తయారయ్యేవి. తొమ్మిదేళ్లు చేసింది. పరీక్షలన్నీ కంప్యూటర్ల మీదికి వెళ్లిపోయాక షాపు మూతబడింది. అప్పటి నుంచి ఎల్బీనగర్‌లో కిరాయికి ఉంటున్న ఇంట్లోనే కూర్చుని, ఇంటర్నెట్‌లో పని వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఒక వెబ్‌సైట్‌లో పని ఇచ్చేవాళ్లు తమకేం కావాలో రాస్తారు. చేయగలిగినవాళ్లు ప్రపోజల్ పంపుతారు. నచ్చితే పిలుస్తారు. నచ్చకపోతే ఏమీ అనరు.

ఆ ఏమీ అనకపోవడమే ఆమెకు మింగుడుపడేది కాదు. నాలుగు నెలల్లో అరవైకి పైగా ప్రపోజల్స్ పంపితే ఐదుగురు పిలిచారు. మిగతావాళ్లు అసలు తెరిచి చూశారో లేదో తెలియదు. ఒకరోజు వెబ్‌సైట్ వాళ్లే అడిగారు: క్లయింట్ మీ ప్రపోజల్ చూసిన సంగతి మీకు తెలియాలా, వద్దా? హెప్సిబా వెంటనే తెలియాలి అని నొక్కింది.

భర్త స్టీవెన్ ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. అన్నం తింటూ విన్నాడు.

"తెలిస్తే ఏం చేస్తవ్?" అని అడిగాడు.

"చూడలేదా, చూసి వద్దనుకున్నరా, ఏదో ఒకటి తెలుస్తది గదా. చూడకుంటే మళ్ల పంపొచ్చు."

"చూసి వద్దనుకుంటే?"

"అప్పుడు ఎదురుచూసుడన్న తప్పుతది."

నెల తిరిగేసరికి ఆ మార్పు వచ్చేసింది. ప్రపోజల్ పక్కన 'చూశారు' అని, తేదీ, టైముతో సహా కనిపించడం మొదలైంది. మొదటి వారం పంపిన పద్నాలుగింటిలో పదకొండు చూశారు. ఒక్కరూ జవాబివ్వలేదు. ఇంతకుముందు, బహుశా చూడలేదేమోలే అని సర్దుకునేది. ఇప్పుడు ఆ సర్దుబాటు పోయింది. చూసినవాళ్లకు ఏది నచ్చలేదో తెలియక, ఫోటో మార్చింది. రాసే మాటలు మార్చింది. నమూనా పేజీలు తీసేసి వేరేవి పెట్టింది. ఎవరు ఎప్పుడు చూసినా ఫోన్ కొట్టుకునేలా పెట్టుకుంది. అన్నం వండుతూ, బట్టలు ఆరేస్తూ కూడా ఆ చప్పుడు కోసమే చెవి ఒగ్గి ఉండేది.

వాళ్లు ఉండేది కింది పోర్షన్‌లో. పై అంతస్తులో ఇంటి యజమాని ఇంద్రమ్మ, కొడుకు ధనరాజ్, మనవరాలు వర్ష ఉంటారు. పెద్ద అంబర్‌పేట్ వైపు వాళ్లకు పొలాలుండేవి. ఇప్పుడు అవే ప్లాట్లయ్యాయి. ధనరాజ్ వెంచర్లు వేస్తాడు. భార్య పోయి మూడేళ్లయింది. వర్ష ఇంజనీరింగ్ చదువుతోంది.

ఈ ఇంటికి రాకముందు హెప్సిబా, స్టీవెన్ కొత్తపేట, నాగోల్ అన్నీ తిరిగారు. పేరు చెప్పేదాకా ఖాళీగా ఉన్న పోర్షన్‌ను, పేరు విన్నాక ఎవరో చుట్టాలకు మాటిచ్చామనేవాళ్లు. ఇంద్రమ్మ మాత్రం పేరు విని, "అంటే అర్థమేంది బిడ్డా?" అని అడిగింది. ఆమెయందు నాకు ఇష్టం అని అర్థమని హెప్సిబా చెబితే, "మంచిగుంది" అంటూ తాళంచెవి చేతిలో పెట్టింది.

ఇంద్రమ్మకు షుగర్. ఎండాకాలంలో ఎడమకాలి చిటికెన వేలు దగ్గర పుండు పడింది. రోజూ కడిగి కట్టు మార్చాలని డాక్టర్ చెప్పాడు. హెప్సిబా తల్లి రెబెక్క ఊరి దగ్గరి దవాఖానాలో ఆయాగా చేసింది. కట్టు కట్టడం చిన్నప్పుడే చూసి నేర్చుకున్న హెప్సిబా, తానే చేస్తానంది. రోజూ పొద్దున పదింటికి పైకి వెళ్లేది. పుండు మానుతూ వస్తోంది.

ఆ రోజుల్లోనే వెబ్‌సైట్‌లో ఒక పని కనిపించింది. పెద్ద అంబర్‌పేట్‌లో కొత్త వెంచర్‌కు తెలుగులో బ్రోచర్ కావాలి. కంపెనీ పేరు చూసి హెప్సిబా నవ్వుకుంది. అదే పేరు వాకిట్లో నిలిపిన కారు వెనక అద్దం మీద ఉంటుంది.

"పైకి పోయి అడుగు, ఐపోతది" అన్నాడు స్టీవెన్.

"మొహమాటానికి ఇచ్చే పని నాకొద్దు. అందరి లెక్కనే పంపుత. నచ్చితే పిలుస్తడు."

రెండు రోజులు కూర్చుని నమూనా పేజీ చేసింది. ప్లాట్ల మ్యాప్‌ను ముసలివాళ్లకు కూడా అర్థమయ్యేలా పెద్ద అక్షరాలతో వేసింది. ఇప్పటిదాకా చేసినవాటిలో అదే బాగా వచ్చిందనిపించింది. పొద్దున తొమ్మిదింటికి పంపి, పదింటికి పైకి వెళ్లింది.

హాల్లో ధనరాజ్ సోఫాలో ఫోన్ చూసుకుంటున్నాడు. హెప్సిబా కింద పీట వేసుకుని ఇంద్రమ్మ పాదాన్ని ఒళ్లో పెట్టుకుంది. దూదితో తుడుస్తుండగా పక్కన పెట్టిన ఫోన్ కొట్టుకుంది. అతని కంపెనీ పేరు, దాని కింద 'చూశారు'. తలెత్తేసరికి ధనరాజ్ ఆమె వైపే చూస్తున్నాడు. వెంటనే చూపు తిప్పుకుని ఫోన్ జేబులో వేసుకున్నాడు.

"అమ్మా, సైట్ కాడికి పోయొస్త" అని లేచి వెళ్లిపోయాడు.

అందరి ముందు మాట్లాడలేక వెళ్లాడేమో, సాయంత్రం పిలుస్తాడనుకుంది. పిలవలేదు. మర్నాడు మెట్ల మీద ఎదురుపడితే "నీళ్లు మంచిగొస్తున్నయా?" అని అడిగాడు. వస్తున్నాయంది. ఆ మర్నాడు కారు తుడుచుకుంటూ తలూపాడు. మూడోరోజు వెబ్‌సైట్‌లో ఆ పని ఇంకెవరికో ఇచ్చినట్టు కనిపించింది.

దూరంగా ఉండే ఎవరో చూసి ఊరుకోవడం వేరు. రోజూ నాలుగుసార్లు ఎదురుపడే మనిషి చూసి, చూడనట్టు ఉండడం వేరు. పని బాగోలేదా? బాగోలేదని తెలిస్తే పోయేది. కిరాయికి ఉండేదానికి అంత పని ఇవ్వడమేమిటనుకున్నాడా? కొత్తపేటలో పేరు విని తలుపు దగ్గరికి లాగిన మొహాలన్నీ గుర్తొచ్చాయి. వీళ్లూ అంతేనేమో, కట్టు కట్టే చేతులు కావాలి గానీ బ్రోచర్ మీద ఈ పేరు వద్దేమో అనుకుంది. స్టీవెన్‌తో చెబితే అడగమంటాడని చెప్పలేదు.

నాలుగోరోజు పైకి వెళ్లలేదు.

ఇంద్రమ్మ మెట్ల దగ్గర నుంచి పిలిచింది. అర్జెంటు పని ఉందని కింది నుంచే చెప్పింది. మర్నాడు ఒంట్లో బాగోలేదంది. ఆ తర్వాత ఇంద్రమ్మ పిలవడం మానేసింది. పిలవకపోయేసరికి, వేరే ఎవరినో పెట్టుకుని ఉంటారనుకుంది హెప్సిబా. అలా అనుకోవడం తనకు సులువుగా ఉందని కూడా ఆమెకు తెలుసు.

ఎనిమిదోరోజు పొద్దున వర్ష తలుపు తట్టింది.

"అక్కా, నానమ్మకు రాత్రి నుంచి జ్వరం. కాలు దగ్గర వాసనొస్తుంది. జర ఒచ్చి చూస్తవా?"

హెప్సిబా పైకి పరిగెత్తింది. ఇంద్రమ్మ మంచం మీద వణుకుతోంది. కాలికి పాత చీర ముక్క చుట్టి ఉంది. దాన్ని విప్పితే లోపల గాజ్ గుడ్డ కట్టు కనిపించింది. మడమ పక్కన వేసిన ముడి హెప్సిబా వేసిందే. ఐదు రోజులుగా దాన్ని ఎవరూ విప్పలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు దవాఖానాలో చేర్చారు. చీము పైకి పాకకముందే వేలు తీసేయాలన్నారు. ఆ మధ్యాహ్నమే తీసేశారు.

ఆపరేషన్ గది బయట కుర్చీలో ధనరాజ్ ఒక్కడే ఉన్నాడు. వర్ష మందులకు వెళ్లింది. హెప్సిబా ఒక కుర్చీ వదిలి కూర్చుంది. అతనే ముందు మాట్లాడాడు.

"నువ్వు రోజు ఒస్తున్నవనే అనుకున్న. అమ్మ గూడ చెప్పలే. ఏమైంది హెప్సిబా? మావోళ్లు ఏమన్న అన్నరా?"

ఆమె అతని వైపు చూడకుండానే చెప్పింది.

"మీరు నా ప్రపోజల్ చూసిండ్రు. నేను కాలు కడుగుతున్నప్పుడే చూసిండ్రు. ఒక్క మాట అనలే."

ధనరాజ్ ఆమె వైపు తిరిగాడు.

"నేను చూసిన్నని నీకెట్ల తెలుసు?"

"తెలుస్తదన్నా. చూస్తే మాకు ఒస్తది, టైముతో సహా."

అతను రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"నాకు తెల్వదు గా సంగతి. చూడనట్టే ఉంటే నీకు బాధుండదనుకున్న" అన్నాడు. "ఒచ్చినవాట్లల్ల నీదే మంచిగుండె. అబద్ధం చెప్తలేను. కానీ నువ్వు మా ఇంట్లనే ఉంటవ్. అమ్మకు గంత చేస్తున్నవ్. రేపు నీ పని ఏడన్న నచ్చకుంటే నిన్ను ఎట్ల అనాలె? లేటైతే ఎట్ల గదమాయించాలె? గిదంత ఎందుకని తెల్వనోళ్లకు ఇచ్చిన."

"గా మాటే చెప్తే అయిపోతుండె."

"నువ్వు అడిగినా అయిపోతుండె." కోపంగా అనలేదు. తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

హెప్సిబా చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఇన్ని రోజులూ అతని మీద మోపినవన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. అతను అనుకున్నది వాటిలో ఒక్కటీ కాదు. అయినా చెప్పకుండా ఊరుకున్నది అతనే. ఏ సంబంధమూ లేని మనిషి మీద తీర్చుకున్నది తాను. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తనదే పెద్ద తప్పని ఆమెకు అనుమానం లేదు.

ఆరోరోజు ఇంద్రమ్మను ఇంటికి తెచ్చారు. కట్టు మార్చడానికి ధనరాజ్ ఒక నర్సును మాట్లాడాడు. ఆమె వచ్చి వెళ్లాక హెప్సిబా పైకి వెళ్లింది. అంతకుముందు, సంగతంతా తెలిశాక స్టీవెన్ రెండు రోజులు సరిగా మాట్లాడలేదు, చివరికి "ఇంద్రమ్మకు నువ్వే చెప్పాలె, ఇంకెవరి నోటనో ఇనొద్దు" అన్నాడు.

చెప్పింది. బ్రోచర్ సంగతి, ఫోన్‌లో వచ్చిన మాట, తాను అనుకున్నవి, ఒంట్లో బాగోలేదని ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు. ఇంద్రమ్మ దిండుకు ఒరిగి విన్నది.

"గంతేనా? నేనింకేదో అనుకున్న" అంది. "ఆఖరి దినం నువ్వు కడుగుతుంటే నొప్పి లేసి కసిరిన గదా, దానికి మనసు కష్టమైందేమో అనుకున్న. ధనరాజ్‌కు చెప్తే నిన్ను అంటడని చెప్పలే. రేపొస్తవ్, రేపొస్తవ్ అనుకుంట ఉన్న."

కసిరిన సంగతి హెప్సిబాకు గుర్తే లేదు. ఏడుపు వచ్చింది. ఇంద్రమ్మ ఊరడించలేదు, వద్దనలేదు. కిటికీలోంచి మెట్రో పోతున్న చప్పుడు వచ్చి ఆగిపోయింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని అడిగింది. "నా మీద కోపముందా అమ్మా?"

ఇంద్రమ్మ తొందరపడలేదు. కట్టు ఉన్న పాదాన్ని కొంచెం కదిపి, సరిగా పెట్టుకుంది.

"ఉంది" అంది. "కాలు చూసినప్పుడల్ల ఒస్తుంది. పోతది గని, జర దినాలు పట్టనియ్యి."

"సరే అమ్మా."

"రేపు గూడ రా. కట్టుకు కాదు. నర్సు ఉంది గదా. ఊకె ఒచ్చి కూసో."

మర్నాడు పదింటికి హెప్సిబా పైకి వెళ్లింది. ధనరాజ్ హాల్లోనే ఉన్నాడు. టీపాయ్ మీద వెంచర్ బ్రోచర్లు కట్టలు కట్టి ఉన్నాయి. ఆమె చూపు వాటి మీద పడడం అతను గమనించాడు.

"మ్యాప్ ఎవ్వలకు అర్థమైతలేదు. మల్ల చేపియ్యాలె" అన్నాడు, ఆమెతోనో తనలో తానో తెలియకుండా. తర్వాత తలెత్తి, "నువ్వు చేస్తవా అని ఇప్పుడు అడగలేను హెప్సిబా. నాకే మంచిగనిపిస్తలేదు. కొన్ని దినాలు పోనీ" అన్నాడు.

"నేను గూడ ఇప్పుడు చెయ్యలేనన్నా" అంది ఆమె.

అతను తలూపాడు. హెప్సిబా లోపలికి వెళ్లి ఇంద్రమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.