రెండు తాళంచెవులు, ఒకటే మేకు

నేను ఒక తాళంచెవిని. అలాంటిలాంటి దాన్ని అనుకునేరు, తణుకులో ఒక బ్యాంకు స్ట్రాంగ్‌రూమ్ తాళంచెవిని! నాతోపాటు ఇంకోదాన్నీ చేశారు. ఇద్దరం కలిసి తిరిగితేనే ఆ ఇనప తలుపు తెరుచుకుంటుంది. అందుకే మమ్మల్నిద్దర్నీ ఒకే మనిషికి ఇవ్వరు. రెండోది హెడ్ క్యాషియర్ బుల్లిరాజుగారి దగ్గరుంటుంది. నేను మాత్రం చాలామంది ఆఫీసర్ల చేతులు మారాను. ఒకాయన నాతో చెవి గోక్కునేవాడు, రామరామ! చివరికి వాసంతి చేతికొచ్చాక నా ప్రాణం కుదుటపడింది.

వాసంతి ప్రాణానికి మాత్రం కుదురెక్కడిది? పొద్దున్నే కుక్కరు, కూతురు లహరి జడలు, "నా షర్టేదీ" అంటూ భర్త కిషోర్ కేకలు. ఆమె కాస్త ఆలస్యమైతే బ్రాంచి బ్రాంచంతా కాచుక్కూర్చోవాలి. ప్రమోషన్ వస్తే వేరే ఊరు వెళ్ళాలని రెండుసార్లు వద్దని రాసిచ్చింది. రెండోసారి రాసిచ్చి, స్కూటీ పక్కన నిలబడి ఏడ్చింది. నేను బ్యాగులోంచి అంతా విన్నాను.

తమాషా ఏంటంటే, బ్యాంకు వాసంతిని నమ్మి నన్ను అప్పగించింది గానీ, ఇంట్లోవాళ్ళు బీరువా తాళంచెవి ఆమెకు ఇవ్వలేదు. అది అత్తగారు మాణిక్యాంబగారి బొడ్లోనే ఉంటుంది. స్నానానికి వెళ్ళేటప్పుడు మాత్రం ఆవిడ దాన్ని వంటింటి మేకుకు తగిలిస్తుంది. నన్నూ ఆ మేకుకే తగిలిస్తారు. నా హోదాకు తగిన చోటు కాదు, ఏం చేస్తాం!

ఒకరోజు లహరికి జ్వరం. అత్తగారు స్నానానికి వెళ్ళింది. పిల్లకి మాత్ర వేసి, హడావిడిగా మేకు మీద చెయ్యి వేసింది వాసంతి. బీరువా చెవి బ్యాగులో పడింది, నేను గోడకే ఉండిపోయాను. కాసేపటికి నన్ను తెచ్చిపెట్టమని బ్యాంకు నుంచి వాసంతి ఇంటికి ఫోన్ చేసింది.

"నాకు ఆఫీసుంది, తననే వచ్చి తీసుకెళ్ళమను" అన్నాడు కిషోర్.

"ఆఫీసు తర్వాత. నేనొచ్చేదాకా పిల్లని చూస్తూ ఉండు" అని మాణిక్యాంబగారు నన్ను కొంగున ముడేసుకుని ఆటో ఎక్కింది.

బ్యాంకులో హాలు నిండా జనం. బుల్లిరాజుగారికి చెమటలు. ఆవిడ గ్రిల్లు బయటే నిలబడి చూస్తుండగా వాసంతి నన్ను తిప్పింది, తలుపు తెరుచుకుంది. "మీ కోడలుగారు రానిదే మాకు రోజు మొదలవదండి" అన్నాడు మేనేజరు. మాణిక్యాంబగారు తన బీరువా చెవి తీసుకుని వెళ్ళిపోయింది.

మూడోసారి ప్రమోషన్ వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర వాసంతి భయంభయంగా చెప్పింది.

"వద్దని రాసిచ్చెయ్" అన్నాడు కిషోర్, తల కూడా ఎత్తకుండా. "నువ్వెళ్తే ఇల్లెవరు చూస్తారు?"

వాసంతి అతని కంచంలో మజ్జిగ పోసింది. మాణిక్యాంబగారు బొడ్లోంచి తాళంచెవి తీసి కొడుకు కంచం పక్కన పెట్టింది.

"నువ్వు చూడరా. ఆ రోజు పిల్లని చూశావుగా, కొంపేం మునగలేదే! వంట నేను నేర్పుతాలే."

మేకు మీద నేను ఆనందం పట్టలేకపోయానంటే నమ్మండి.

వాసంతి నన్ను కొత్త ఆఫీసరుకి అప్పగించి ఏలూరు వెళ్ళింది. మొన్న కిషోర్ ఏదో పనిమీద బ్యాంకుకొచ్చాడు. షర్టు మీద పసుపు మరక. జేబురుమాలు తీస్తుంటే బీరువా చెవి కింద పడింది, గబుక్కున తీసుకున్నాడు.

"కొంచెం త్వరగా చూడండి సార్, పాప స్కూలు నుంచి వచ్చేస్తుంది" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ మాట ఒక మగవాడి నోట వినడం నాకదే మొదటిసారి.