మలుగుల కట్ట

పట్టపగలు, నడిరోడ్డు మీద పాముల్లాంటి మలుగు చేపలు కొట్టుకుంటున్నాయి. నదిలో నోయెల్ గ్లోడ్ పెట్టిన చేపల బుట్టల్ని చేపల శాఖ అధికారులు కోసి, చేపల్ని అక్కడే కుమ్మరించారు.

"మా తాతల నది ఇది!" అని నోయెల్ అరిచాడు.

"మీ తాతలు ఇక్కడ చేపలు పట్టినట్టు గుర్తేదిరా?" అని నవ్వారు వాళ్లు.

చేపల ఫ్యాక్టరీ నుంచి ఇంటికొస్తున్న థెరీస్ కళ్లారా చూసి, తల దించుకుని నడిచిపోయింది. ఆ ఫ్యాక్టరీ యజమానే నది సముద్రంలో కలిసేచోట అడ్డంగా గోడ కడుతున్న కాంట్రాక్టరు. గోడ లేస్తే మలుగులు సముద్రానికి పోలేవు. మలుగులు లేకపోతే, తరతరాలుగా ఈ నదినే నమ్ముకున్న ఆదివాసులు మిక్మా వాళ్ల పొయ్యిలో పిల్లి లేవదు.

గుర్తు లేకేం? మలుగులు పట్టడానికి పెద్దలు పేర్చిన రాతికట్ట నీటి అడుగున ఉంది. అది చూపిస్తే గోడ పని ఆగిపోతుంది. ఎక్కడుందో మడెలిన్ అవ్వకే తెలుసు. ఆదివారం సంఘం హాల్లో అవ్వ ఆ ముచ్చట చెబుతుందని ఊరంతా పాకింది.

"చెప్పకే అవ్వా! గోడలకి చెవులుంటాయి" అన్నాడు నోయెల్.

"నాతోపాటు గోతిలోకి పట్టుకుపొమ్మంటావా? నలుగురికీ తెలిస్తేనే నలుగురూ కాస్తారు, వెర్రి సన్నాసీ!"

హాలు నిండిపోయింది. వెనక వరసలో కాంట్రాక్టరు మేస్త్రీ కూర్చున్నాడు. ముచ్చట్లకి వచ్చినవాణ్ని పొమ్మనడం మిక్మా వాళ్లలో లేదు. థెరీసే అతనికి టీ పోసి, రొట్టె పెట్టింది.

అవ్వ గద్ద ఈక చేతికి తీసుకుంది. ఈక ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే. వాళ్లు ముగించేదాకా మరొకరు పెదవి విప్పకూడదు.

"రెండు పాయలు కలిసేచోట, నల్లబండకి దిగువన..."

మేస్త్రీ ఒళ్లో ఫోను వెలుగుతోంది. అవ్వ మాటలు రికార్డు చేసేస్తున్నాడు! థెరీస్ అది చూసింది. నోయెల్ కూడా చూసి పళ్లు నూరాడు. అయినా ఒక్క నోరూ లేవలేదు. ఈ మర్యాదే మన కొంప ముంచుతోంది కదా అని థెరీస్‌కి ఏడుపొచ్చింది.

చోటు తెలియగానే మేస్త్రీ లేచి వెళ్లిపోయాడు. కాసేపటికి నదివైపు నుంచి తవ్వే యంత్రం గుర్రుమంది, ఆ కట్టని పెకలించడానికే. హాలంతా వణికింది.

అవ్వ ఆగలేదు. "రాళ్లు పేర్చే ముందు ఇంటికొకరు వరసగా నీళ్లలో నిలబడేవాళ్లంట. ముందు మనుషులే కట్ట. రాళ్లు తర్వాత." అంతే చెప్పి, ఈకని తిన్నగా థెరీస్ చేతిలో పెట్టింది. "ఇక మాట నీది తల్లీ."

అందరూ తనవైపే చూస్తున్నారు. పని పోతుంది. జైలు కూడా తప్పదేమో. థెరీస్ ఈకని గట్టిగా పట్టుకుని లేచింది.

"ఇంకా కూచున్నారేం? లేవండి! యంత్రం కంటే ముందు మనం దిగాలి!"

నీళ్లు మంచులా కోస్తున్నాయి. రెండు వరసలుగా, భుజం భుజం ఆనించి నిలబడ్డారు. యంత్రం ఒడ్డునే ఆగిపోయింది. పోలీసు బండ్లు మాత్రం ఆగలేదు, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ముందుగా అవ్వని ఈడ్చారు.

"మెల్లగా లాగరా నాయనా, రాళ్ల మీద కాలు జారేవు!" అందామె.

తర్వాత నోయెల్‌ని లాగేశారు. ఖాళీ అయిన ప్రతి చోటికీ ఎవరో ఒకరు జరుగుతున్నారు. ఫ్యాక్టరీలో డ్యూటీ దిగినవాళ్లు బూట్లతోనే నీళ్లలోకి వస్తున్నారు.

"థెరీస్!" మేస్త్రీ ఒడ్డు మీంచి అరిచాడు. "రేపట్నించి పనిలోకి రానక్కర్లేదు!"

పోలీసు చెయ్యి ఆమె జబ్బ మీద పడింది.

"రేపు నాకెక్కడ తీరుతుందయ్యా?" అంది థెరీస్, పక్కవాళ్ల చేతులు గట్టిగా పట్టుకుంటూ. "ఇక్కడ రాళ్లు పేర్చాలి."