వెనక్కి రాని ముల్లు

జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దారిలో కట్టిన ఆ కొత్త బడి గది పైకప్పు గట్టిదో కాదో తేల్చడానికి దాన్ని పగలగొట్టనక్కర్లేదట. పైన బరువు పెట్టి ఎంత కిందికి వంగిందో, బరువు దించాక ఎంత వెనక్కి లేచిందో చూస్తే చాలట. ఈ మాట వినగానే ఆ గది కట్టిన జిలానీ మేస్త్రీకి నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్లుగా తాపీ పట్టిన మనిషి. తాపీ పిడితో ఒక్క దెబ్బ తట్టి, మోత విని కాంక్రీటు సంగతి చెప్పేయగలడు. కానీ సర్కారు కాగితాల్లో మోతలు రాసుకునే గడి లేదు, అంకెలకే ఉంది.

చిక్కంతా దిమ్మెలతో వచ్చింది. స్లాబు పోసిన రోజే అదే కాంక్రీటుతో మూడు దిమ్మెలు పోసి పరీక్షకు పంపారు. బస్సు కుదుపులకు దెబ్బతిన్నాయో, నానబెట్టకుండా ఎవరైనా ఎండలో పడేశారో గానీ, మూడింట్లో రెండు పరీక్షలో తక్కువ బరువుకే నలిగిపోయాయి. వెంటనే పైనుంచి ఉత్తరువు వచ్చింది. స్లాబుకు బరువు పరీక్ష చేయాలి, అందులో తప్పితే కూల్చేయాలి. కూలిస్తే పోయేది స్లాబు ఒక్కటే కాదు. ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా ఏ సర్కారు పనిలోనూ ఇక జిలానీని గడప తొక్కనివ్వరు.

పరీక్ష చేయడానికి ఓవర్సీరు గురురాజారావు దిగాడు. పంచె మడత నలగనివ్వడు, మాట తూలనివ్వడు. పైకప్పు మధ్యనుంచి కిందికి ఒక ఇనుప కడ్డీ దింపి, దాని కొసను నేలలో పాతిన దుంగ మీది డయల్ గేజికి ఆనించాడు. గడియారం లాంటి ఆ గేజిలో ఒక్క గీత అంటే అంగుళంలో వెయ్యోవంతు. పైకప్పు వెంట్రుకవాసి దిగినా ముల్లు కదులుతుంది.

సోమవారం మధ్యాహ్నానికి పెన్న ఇసక నింపిన గోనెసంచులు స్లాబంతా పరిచారు. సున్నా మీదున్న ముల్లు అరవై దగ్గర ఆగింది. మంగళవారం మధ్యాహ్నానికి, ఇరవై నాలుగు గంటలు గడిచేసరికి, ఎనభై ఐదు చూపించింది.

"దిగనీ, దానికేం. బరువు తీసినాక వెనక్కి రావల్ల, అదీ లెక్క" అన్నాడు గురురాజారావు. "నాలుగు వంతుల్లో మూడు వంతులన్నా వెనక్కి రావల్ల. అంటే ముల్లు ఇరవై ఒకటి కిందికి పడల్ల. రేపు సాయంత్రం దాకా గడువుంది."

సాయంత్రానికి సంచులన్నీ దించారు. ముల్లు నలభై దగ్గర మొండికేసింది.

జిలానీకి కూల్చే ఉత్తరువు గుర్తొచ్చింది. భయం వేసిన మనిషికి ముందు కావలసింది తప్పు మోపడానికి ఇంకో మనిషి. ఆ మనిషి ఎదురుగానే ఉంది. మునెమ్మ పన్నెండేళ్లుగా అతని దగ్గర మాలు కలుపుతోంది. సిమెంటు సంచికి ఎన్ని తట్టల ఇసక, ఎన్ని తట్టల కంకర అన్న లెక్క ఆమెది.

"తట్టలు గోపురాల మాదిరి నింపినావు గదా?" అని గొంతు పెంచాడు. "ఇసక ఎక్కువ పోసి నా కొంప ముంచినావు."

మునెమ్మ చేతిలోని తట్ట కింద పెట్టింది. "ప్రతి తట్టా అరచేత్తో చదును చేసి పోసినా మేస్త్రీ. నువ్వు ఆడనే నిలబడుకోనుంటివి గదా."

"నిలబడుకోనుంటి. చూడలేదు, అదే నా తప్పు."

ఆ మాటలో సగం అబద్ధం. అతను చూశాడు. ఆమె చదును చేయడం ప్రతిసారీ చూశాడు. అయినా నోరు ఆగలేదు. మునెమ్మ కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

బుధవారం పొద్దున్నే గురురాజారావు గేజి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ముల్లు యాభై రెండు మీదుంది. పైన పిట్ట కూడా వాలలేదు, కప్పు మాత్రం ఇంకా దిగుతోందని గేజి చెబుతోంది.

"అందరూ బయటికి రాండి!" అని కేక పెట్టాడు. "ఇది నిలబడే కప్పు గాదు. నేను రిపోర్టు రాసేస్తా."

జిలానీ బయటికి రాలేదు, పైకెక్కాడు. స్లాబు నాలుగు మూలలా, మధ్యలో, తాపీ పిడితో తట్టాడు. ఎక్కడ తట్టినా ఖంగుమంది. ఈ చెవి తనను ఇరవై రెండేళ్లలో ఎన్నడూ మోసం చేయలేదు. బరువున్నప్పుడు వంగిన కప్పు, బరువు లేనప్పుడు ఇంకా వంగడం ఏంది? కప్పు కదలకపోతే మరి కదిలిందేది?

కిందికి దిగి, ఓవర్సీరు వద్దంటున్నా వినకుండా చెప్పులు బయట విడిచి గదిలోకి పోయాడు. గచ్చు ఇంకా వేయలేదు, మొరం కూడా నింపలేదు. అంతా ఉత్త నల్లరేగడి. ఎండాకాలం గనక బెత్తెడు వెడల్పున నెర్రెలు విచ్చి ఉంది. దుంగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అరికాలికి చల్లగా తగిలింది. అక్కడ నెర్రెలు మూసుకుపోయి నేల ఉబ్బి ఉంది. వంగి చూశాడు. దుంగ మొదట్లో పసుపు, దాని మీద కుంకుమ బొట్టు.

వాకిట్లో నిలబడిన మునెమ్మ అడక్కముందే చెప్పేసింది. "నేనే పెట్టినా. పెండ్లి పందిట్లో రాట పాతితే పసుపు కుంకం పెట్టి నీళ్లు పోయమా? ఇది అంతకంటే పెద్ద రాట గదా, మేస్త్రీ బతుకంతా దీని మీదుంటే. రోజూ పొద్దున్నే ఎవురూ రాకముందు కడవెడు నీళ్లు పోసినా."

"ఎన్ని రోజులు?"

"మూడు దినాలు. ఈ పొద్దు గూడా."

ఈ పొద్దు గూడా. నిన్న అందరి ముందూ అన్ని మాటలు పడి, పొద్దున్నే లేచి కడవ ఎత్తుకొచ్చి తన కప్పు కోసం మొక్కింది. జిలానీకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. కానీ ముందు చెప్పాల్సింది ఓవర్సీరుకు.

"సార్, కప్పు దిగలేదు. దుంగ పైకి లేచింది. రేగడికి నీళ్లు తగిలితే పొంగుతుంది గదా. నేల గేజిని పైకి తోసింది, ముల్లు దాన్నే చూపిచ్చింది."

గురురాజారావు గదిలోకి వచ్చి నేలను బొటనవేలితో నొక్కాడు. వేలికి అంటిన తడి మట్టిని చూసుకున్నాడు. మునెమ్మ కూలికి నీళ్లొదులుకోవాల్సిందేనని అక్కడున్న వాళ్లంతా అనుకున్నారు.

"ఆయమ్మ పోసింది కడవెడు నీళ్లే" అన్నాడు చివరికి. "మొరం నింపని రేగట్లో గేజి దుంగ పాతింది నేను. చదువుకున్నోణ్ని, నాకు తెలియాల్సింది. పరీక్ష మళ్లీ చేద్దాం."

ఈసారి రెండు గోడల పునాది రాళ్ల మీద ఆనేలా అడ్డంగా ఒక దూలం వేసి, దాని నడుమ గేజి బిగించారు. నేలతో సంబంధమే లేదు. సంచులు మళ్లీ ఎక్కాయి. ఒక రోజు గడిచాక ముల్లు అరవై నాలుగు చూపించింది. సంచులు దిగాయి. ఇంకో రోజు ఆగాలి.

శనివారం మధ్యాహ్నం గడువు తీరింది. గురురాజారావు కాగితం, కలం పట్టుకుని "చూసి చెప్పు జిలానీ" అన్నాడు. జిలానీ గడప దాకా పోయి ఆగిపోయాడు.

"మునెమ్మా, నువ్వు చూడు" అన్నాడు.

"నాకు అంకెలు రావు గదా."

"గుండ్రంగా ఉండే సున్నా యాడుందో తెలుసు గదా. ముల్లు దానికి ఎంత దూరంలో ఉందో చెప్పు."

ఆమె దూలాన్ని తాకకుండా దగ్గరికి పోయి వంగి చూసింది. "గుండ్రం పక్కనే ఉండాది. గోరంత ఎడం."

గురురాజారావు వెళ్లి సరిచూశాడు. తొమ్మిది. పదహారు దాటకపోతే చాలు. "నెగ్గింది" అని కాగితం మీద రాసుకున్నాడు.

జిలానీ తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. కళ్లల్లో నీళ్లు వచ్చాయి, దాచుకోలేదు. కూలోళ్లందరూ వినేటట్టు గట్టిగా అన్నాడు. "నీ తట్టలు సరిగానే ఉన్నాయి మునెమ్మా."

"నాకు ముందే తెలుసు" అంది మునెమ్మ. "నీకూ తెలుసు."

తట్ట అందుకుని, దించిన ఇసక సంచుల వైపు నడిచింది.