గురువారం దాకా

వెర్లీన్ మొక్కజొన్న రొట్టెను ముక్కలు కోస్తోంది. ఆమె వండిన చిక్కుళ్లు తిని ఒకడు కడుపులో గాలికి కొండ దాటి ఎగిరి అవతలి బొగ్గుగనిలో పడ్డాడని ఊళ్లో నవ్వుతూ చెప్పుకుంటారు. వాడు తిరిగొచ్చి మారు వడ్డించమన్నాడని ఆమే కలుపుతుంది.

పొట్టి మనిషి. వాచిన మోకాళ్లు, జుట్టుకు వల. గనిదుమ్ము మొగుణ్ణి తినేశాక, ఒక్క ప్రాణానికి వండుకోవడం చేతకాక, ఈ బడి వంటింట్లోనే ఉండిపోయింది.

భోజనాల వరసలో మార్లా వచ్చింది. పదమూడేళ్ల పిల్ల. వేసవిలో అన్న మత్తుమాత్రలు ఎక్కువై చనిపోయినప్పటి నుంచీ సరిగా తినడం లేదు.

"మీ అన్న ఇవాళన్నా నిద్ర లేచాడా?" వెనకనుంచి ఒకడు ఇకిలించాడు.

"మిమ్మల్నందర్నీ కాల్చిపారేస్తా. రేపే," అంది మార్లా. పళ్లెం తీసుకుని మూలబల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఏం విన్నా చెప్పండి, సాయం అందుతుందని గోడమీద రాసి ఉంది. వెర్లీన్ ఆ మాట నమ్మింది. చేతులు తుడుచుకుని, పిల్లల మనసు కనుక్కునే కౌన్సిలరమ్మ గదికి వెళ్లింది. తాళం. ఆవిడ మూడు బళ్లు తిరగాలి. ఇక్కడికి గురువారమే వస్తుంది. ఇవాళ సోమవారం. పోలీసు మాత్రం రోజూ బడి గుమ్మంలోనే ఉంటాడు.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి విన్నదంతా చెప్పింది.

"ఆ పిల్లకి మనసు బాలేదు సార్. పక్కన కూర్చుని ఎవరన్నా మాట్లాడాలి."

"కాలుస్తానని నిజంగా అందా?"

"అంది. ఆ వెధవ ఏం కూశాడో కూడా వినండి మరి."

"ఆ మాట వచ్చాక నా చేతుల్లో ఏం లేదు వెర్లీన్. పోలీసుకి చెప్పాల్సిందే."

"గురువారం దాకా ఆగండి. అందాకా నా వంటింట్లో కూర్చోబెట్టుకుంటా. కత్తి ఇవ్వన్లెండి."

ఆయన నవ్వలేదు. "బుధవారం ఏదన్నా జరిగితే? తల్లులకి నేనేం చెప్పను?"

ఆయన లేచి వెళ్లి గుమ్మంలోని పోలీసును పిలిచాడు.

మార్లా మణికట్లు ఎంత సన్నమంటే, బేడీలు ఆఖరి పంటిదాకా బిగించాల్సి వచ్చింది.

"మీరే చెప్పారా, మిస్ వెర్లీన్?"

"నేనే తల్లీ. నీకు సాయం దొరుకుతుందనుకున్నా."

మార్లా తలూపింది, పెద్దవాళ్లను ఓదార్చేటట్టు. కారు వెళ్లిపోయింది. ఇక ఈ బడిలో మార్లాకు చోటు లేదని సాయంత్రానికి తేల్చేశారు.

వెర్లీన్ బల్లలన్నీ తుడిచింది. మూలబల్ల దగ్గర గుడ్డ ఆగింది. అక్కడ ఒక పాలడబ్బా, మూత చక్కగా విప్పి, గొట్టం గుచ్చి, ఒక్క గుక్కయినా తాగకుండా, చెమర్చి ఉంది.